పాత కంప్యూటర్లో ఏది ఉంచుకోవాలి, ఏది వదిలేయాలి?

తెనాలి శిల్పులు పాత ఇనుముతో విగ్రహాలు చేస్తారని మనలో చాలామందికి తెలుసు. షెడ్లలో పారేసిన నట్లు, బోల్టులు, గేరు చక్రాలు, చైన్లు ఏరి తెచ్చి, ఒక్కొక్కటీ వెల్డింగ్ చేసి, మనిషిని మించిన ఎత్తులో విగ్రహం నిలబెడతారు. తుక్కు కింద తూకానికి పోవలసిన ముక్కకు మళ్ళీ ఒక చోటు దొరుకుతుంది. అది చూసినవాళ్ళకు ఇంట్లోనూ, సంఘంలోనూ ఏ పాత వస్తువునూ పారేయబుద్ధి కాదు.

ఆ బుద్ధి మంచిదే. కానీ కంప్యూటర్ దగ్గరకు వచ్చేసరికి ఒక తేడా ఉంది. విగ్రహంలో ఏ ముక్కనైనా ఏ ముక్కకైనా అతికించవచ్చు. కంప్యూటర్లో వెల్డింగ్ పనికిరాదు. అక్కడ ప్రతి భాగానికీ పక్క భాగంతో మూడు కుదరాలి. గాడి కుదరాలి, అంటే పెట్టే చోట అది సరిగా కూర్చోవాలి. కరెంటు కుదరాలి, అంటే ఇచ్చే వోల్టేజీ, తీసుకునే వోల్టేజీ ఒకటి కావాలి. మాట కుదరాలి, అంటే ఒకటి పంపే సంకేతం రెండోదానికి అర్థం కావాలి. ఈ మూడూ కుదిరాక నాలుగోది చూడాలి. అది వయసు.

ఇప్పుడు ఈ సంగతి ఎందుకంటే, చాలా సంఘాల కమిటీల ముందు ఇదే ప్రశ్న ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11 వేద్దామంటే దానికి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఇంచుమించు 8వ తరం నుంచి ఉండాలి. పదేళ్ళ కిందట కొన్న యంత్రం అందులోకి రాదు. కాబట్టి కొత్తది కొనాలి. కానుకల డబ్బు లెక్కగా ఖర్చుపెట్టాలి. అప్పుడు ఎవరో ఒకరు అంటారు: "పాతదాంట్లోవి తీసి కొత్తదాంట్లో వేస్తే సగం డబ్బు మిగులుతుంది గదా?"

తెనాలి జంక్షన్ నుంచి ఒక రైలుదారి రేపల్లెకు పోతుంది, ఇంకొకటి బాపట్ల మీదుగా చెన్నై వైపు పోతుంది. క్యాబినెట్‌ను గోనెసంచిలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని రిపేరుకు తెచ్చే యౌవనస్థులకు ఆ ప్రయాణం అలవాటే. ఆ సంచిలో ఏది మళ్ళీ పనికివస్తుందో ముందే తెలిస్తే డబ్బూ మిగులుతుంది, నష్టమూ తప్పుతుంది.

నష్టం అన్నది ఊరికే అన్న మాట కాదు. మా సంఘంలో కొన్నేళ్ళ కిందట కొత్త మదర్‌బోర్డు, కొత్త ప్రాసెసర్ కొని, పాత క్యాబినెట్, పాత ఎస్ఎంపీఎస్, పాత హార్డ్ డిస్క్ వాటికే బిగించాం. ఖర్చు తగ్గిందని లెక్కలు చదివినప్పుడు అందరం సంతోషించాం. డిసెంబరులో, పాటల పుస్తకం టైపు చేస్తున్న రాత్రి, వెనక నుంచి టప్పున శబ్దం, కాలిన వాసన. ఎస్ఎంపీఎస్ పోతూ పోతూ డిస్క్‌ను కూడా తీసుకుపోయింది. అందులో పదకొండేళ్ళ బాప్తిస్మాల జాబితా ఉంది. ఇంకెక్కడా ప్రతి లేదు. కాగితం రిజిస్టరులో కొన్ని పేజీలు అప్పటికే చెదలు తినేశాయి. తర్వాత మూడు నెలలు పెద్దవాళ్ళ ఇళ్ళకు తిరిగి, జ్ఞాపకాల మీద, ఫోటోల వెనక రాసిన తేదీల మీద ఆ జాబితాను మళ్ళీ రాశాం. కొన్ని పేర్లకు తేదీలు ఇప్పటికీ ఖాళీగానే ఉన్నాయి. తప్పు ఆ భాగాలది కాదు. ఏది మళ్ళీ వాడాలో తెలియక అన్నీ వాడిన మాది.

కాబట్టి భాగాలను మూడు కుప్పలుగా వేసుకుందాం.

నిశ్చింతగా వాడుకోదగినవి

మొదటిది క్యాబినెట్. ఏటీఎక్స్ అనే కొలత 1995లో వచ్చింది. మదర్‌బోర్డు బిగించే రంధ్రాలు ఎక్కడ ఉండాలో అది చెబుతుంది. ఆ రంధ్రాలు నేటికీ చాలావరకు అక్కడే ఉన్నాయి. అందువల్ల బజారులో విడిగా అమర్పించుకున్న పాత క్యాబినెట్లో కొత్త బోర్డు సాధారణంగా కూర్చుంటుంది. బ్రాండెడ్ ఆఫీసు కంప్యూటర్ల సంగతి వేరు. వాటిలో చాలావాటికి డబ్బా, బోర్డు, కరెంటు పెట్టె సొంత కొలతల్లో ఉంటాయి, బయటివి పట్టవు. కొనే ముందు టేపు పట్టి కొలవండి, లేదా డబ్బానే దుకాణానికి తీసుకువెళ్ళండి.

రెండోది మానిటర్. బొమ్మ బాగా వస్తుంటే మార్చనక్కరలేదు. పాతవాటికి వెనక మూడు వరుసల్లో 15 సూదులున్న వీజీఏ గాడి ఉంటుంది. కొత్త బోర్డుల్లో చాలావాటికి హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లే పోర్ట్ మాత్రమే ఉంటాయి. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే చిన్న అడాప్టర్ చాలు. ఆరాధనలో పాటలు చూపించే పాత ప్రొజెక్టరుకు కూడా ఇదే మార్గం. అడాప్టర్ కొనేటప్పుడు దిశ సరిగా చెప్పండి: కంప్యూటర్ వైపు హెచ్‌డీఎంఐ, ప్రొజెక్టర్ వైపు వీజీఏ. వీజీఏను హెచ్‌డీఎంఐగా మార్చేది వేరే వస్తువు, చూడటానికి ఇలాగే ఉంటుంది కానీ ఇక్కడ పనిచేయదు.

యూఎస్‌బీ కీబోర్డు, మౌస్, ప్రింటర్, వెబ్ కెమెరా, మైకు కొత్తదానికి తగిలించవచ్చు. యూఎస్‌బీలో కొత్త గాడి పాత పరికరాన్ని ఒప్పుకునేలా ముందునుంచీ జాగ్రత్తపడ్డారు. ప్రింటర్‌కు మాత్రం కొత్త విండోస్‌కు సరిపడే డ్రైవర్ దొరుకుతుందో లేదో ముందు చూసుకోండి.

గాడే కుదరనివి

ర్యామ్ విషయంలో ఎక్కువమంది మోసపోతారు. చూపుకు అన్నీ ఒకే పచ్చ పట్టీలు. కానీ 2007లో వచ్చిన డీడీఆర్3కి 240 కాళ్ళు, 1.5 వోల్టులు. 2014లో వచ్చిన డీడీఆర్4కి 288 కాళ్ళు, 1.2 వోల్టులు. ఆ తర్వాతి డీడీఆర్5కి కూడా 288 కాళ్ళే గానీ, వోల్టేజీ 1.1, కింద ఉండే చిన్న గంటు వేరే చోట ఉంటుంది. ఆ గంటు పెట్టిందే తప్పుగా దూర్చకుండా ఉండటానికి. కూర్చోకపోతే బలం పెట్టి నొక్కకండి. బోర్డు విరుగుతుంది.

ఒక మినహాయింపు ఉంది. మీ పాతదాంట్లో ఉన్నది డీడీఆర్4 అయితే, డీడీఆర్4 తీసుకునే బోర్డులు కూడా దొరుకుతున్నాయి. అలాంటిది కొంటే ఆ ర్యామ్ పనికివస్తుంది. పాతదీ కొత్తదీ కలిపి పెడితే రెండూ నెమ్మదైనదాని వేగంతోనే నడుస్తాయి.

ప్రాసెసర్‌దీ అంతే. ఇంటెల్ కూర్చునే సాకెట్ కొన్ని తరాలకొకసారి మారుతూ వచ్చింది. 2011 నాటి 1155 కాళ్ళ సాకెట్లోది 2021 నాటి 1700 కాళ్ళ సాకెట్లో కూర్చోదు. ఏఎండీవారి ఏఎం4 సాకెట్ మాత్రం 2016 నుంచి చాలా ఏళ్ళు, అనేక తరాల ప్రాసెసర్లకు నడిచింది. మీది ఏఎం4 బోర్డు అయితే మొత్తం మార్చకుండా ప్రాసెసర్ ఒక్కటీ మార్చే వీలుందేమో టెక్నీషియన్‌ని అడగండి.

పాటలు రికార్డు చేయడానికి కొన్ని సంఘాలు మంచి సౌండ్ కార్డులు కొన్నాయి. వాటిలో పాతవి పీసీఐ అనే తెల్లని పొడుగు గాడిలో కూర్చునేవి. ఇప్పటి బోర్డుల్లో ఉండేది పీసీఐ ఎక్స్‌ప్రెస్. పేరు దగ్గరగా ఉన్నా గాడి వేరు, సంకేతం వేరు. ఆ కార్డును పాత యంత్రంలోనే ఉంచి, రికార్డింగ్‌కు దాన్ని ఇంటర్నెట్ లేకుండా వాడుకోవడం మేలు.

కూర్చుంటాయి, కానీ నమ్మకూడనివి

అన్నిటికంటే ప్రమాదం ఈ కుప్పలోనే ఉంది. కూర్చోనిది మనల్ని ముందే ఆపేస్తుంది. కూర్చుని పనిచేసేదే తర్వాత ఎప్పుడో ముంచుతుంది.

ఎస్ఎంపీఎస్ మొదటిది. పాత 24 కాళ్ళ ప్లగ్ కొత్త బోర్డులో చక్కగా కూర్చుంటుంది, కంప్యూటర్ లేస్తుంది కూడా. లోపల ఉన్న కెపాసిటర్లు వేడికి ఏళ్ళ తరబడి ఎండిపోతూ ఉంటాయి. వోల్టేజీ ఎక్కువ తక్కువలయ్యే మన పల్లెల్లో అవి ఇంకా త్వరగా అలసిపోతాయి. పాతవాటిలో ప్రాసెసర్‌కు 4 కాళ్ళ ప్లగ్ ఉంటే, కొత్త బోర్డులు ఎక్కువగా 8 కాళ్ళది అడుగుతాయి. డబ్బా మీద 450 వాట్లు అని రాసినంత మాత్రాన చవక పెట్టెలు అంత ఇవ్వవు. పాత వస్త్రానికి కొత్త గుడ్డ మాసిక వేయడం గురించి మనం చాలాసార్లు విన్నాం. ఇక్కడ కొత్త వస్త్రానికి పాత మాసిక వేస్తున్నాం, చినిగేది మాత్రం మళ్ళీ విలువైనదే. ఎక్కడైనా పొదుపు చేయండి, ఎస్ఎంపీఎస్ దగ్గర వద్దు. పాతదాన్ని విప్పి బాగుచేయాలని కూడా చూడకండి. ప్లగ్ తీసేశాక కూడా లోపల కెపాసిటర్లలో కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది.

రెండోది హార్డ్ డిస్క్. ఇంగ్లీషు ఎల్ అక్షరం ఆకారంలో సన్నని గాడి ఉంటే అది సాటా డిస్క్, కొత్త బోర్డుకు తగులుతుంది. వెడల్పాటి రిబ్బను, 40 సూదులు ఉంటే అది ఐడీఈ. ఇప్పటి బోర్డుల్లో దానికి చోటు లేదు, యూఎస్‌బీ అడాప్టర్‌తో చదవాలి. ఏదైనా సరే, కొత్త యంత్రానికి ప్రధాన డిస్క్‌గా కొత్త ఎస్ఎస్‌డీ పెట్టండి. పాత డిస్క్‌లోని విండోస్‌ను అలాగే కొత్త బోర్డు మీద లేపాలని చూడకండి. పాతది రెండో డిస్క్‌గా ఉండవచ్చు, అదీ దాని ఆరోగ్యం చూశాకే. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం డిస్క్ లోపలి లెక్కలను చూపిస్తుంది. అందులో పాడైపోయి మార్చిన సెక్టార్లు, మార్పు కోసం ఎదురుచూస్తున్న సెక్టార్లు సున్నా కాకుండా ఉంటే, అంకె పెరుగుతూ ఉంటే, డిస్క్ తన రోజులు లెక్కపెట్టుకుంటోందని అర్థం. టిక్కు టిక్కుమని శబ్దం వస్తే అసలు ప్రయోగాలు వద్దు. వెంటనే ఆపి, ముఖ్యమైన ఫైళ్ళున్నాయని టెక్నీషియన్‌కు ముందే చెప్పండి.

మూడోది గ్రాఫిక్స్ కార్డు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ గాడిలో పాత కార్డు కొత్త బోర్డులోనూ కూర్చుంటుంది. కానీ మరీ పాత కార్డులు కొత్త బోర్డుల యూఈఎఫ్ఐ ప్రారంభ పద్ధతిని ఎరగవు, తెర నల్లగానే ఉండిపోవచ్చు. పాటలు చూపడానికి, ఉత్తరాలు రాయడానికి, లెక్కలకు, ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ చాలు. అది ఉన్న ప్రాసెసర్‌నే కొనండి.

నాలుగోది యూపీఎస్. పెట్టె మంచిదైతే ఉంచుకోవచ్చు. లోపలి 12 వోల్టుల బ్యాటరీ మాత్రం కొన్నేళ్ళకొకసారి మార్చాల్సిందే. బ్యాటరీ వాచినట్టు కనిపిస్తే ఆ రోజే తీసేయండి.

సముద్రపు గాలి సంగతి

బాపట్ల, రేపల్లె వైపు యంత్రాలకు ఇంకో శత్రువు ఉంది. ఉప్పు తేమ కలిసిన గాలి లోహపు కాళ్ళ మీద మెల్లగా చిలుము పట్టిస్తుంది. కోతల కాలంలో ధాన్యపు దుమ్ము ఫ్యాన్లలో పేరుకుంటుంది. చీమలు, బల్లులు క్యాబినెట్లో కాపురం పెట్టడమూ కొత్తేమీ కాదు. చాలా రోజులు మూలన పెట్టిన యంత్రం లేవకపోతే చచ్చిపోయిందనుకోవద్దు. ప్లగ్ తీసేసి, ఒక లోహపు వస్తువును తాకి ఒంట్లోని స్థిర విద్యుత్తు వదిలించుకుని, ర్యామ్ పట్టీ తీసి, కాళ్ళను పెన్సిల్ రబ్బరుతో సుతారంగా రుద్ది, పొడి దులిపి మళ్ళీ పెట్టి చూడండి. ఎన్నో యంత్రాలు ఇంతమాత్రానికే లేచి కూర్చున్నాయి. వాడుకోబోయే ప్రతి పాత భాగాన్నీ ఇలాగే శుభ్రం చేశాకే కొత్తదాని దగ్గరకు తీసుకెళ్ళండి.

తెలుగు ఫైళ్ళు మరచిపోవద్దు

మన సంఘాలకు ప్రత్యేకంగా ఉన్న చిక్కు ఇది. పాటల పుస్తకాలు, పెళ్ళి శుభలేఖలు, వార్షిక నివేదికలు ఏళ్ళ తరబడి పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో టైపు చేయించుకున్నాం. ఆ ఫైలును కొత్త కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగుకు బదులు అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. ఫైలు పాడవలేదు, దాన్ని చదివే ఫాంటు అక్కడ లేదు, అంతే. కొన్ని డీటీపీ సాఫ్ట్‌వేర్లకు ప్రింటర్ పోర్టులో పెట్టే తాళం లాంటి పరికరం కూడా ఉండేది. ఆ పోర్టు ఇప్పటి బోర్డుల్లో సాధారణంగా ఉండదు. కాబట్టి ఆ ఫైళ్ళన్నీ కొత్తదాంట్లో తెరిచి చూసేవరకు పాత యంత్రాన్ని విడదీయకండి. ముందుగా ప్రతి ఫైలునూ పీడీఎఫ్‌గా భద్రం చేయండి, ఫాంట్లను కూడా పెన్ డ్రైవ్‌లో తీసుకోండి. ఇకముందు టైపు చేసేవి యూనికోడ్ తెలుగులో చేయించండి. అది ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోనులోనైనా తెలుగుగానే కనిపిస్తుంది.

రిజిస్టర్ల విషయం ఇంకా ముఖ్యం. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కింద జరిగే వివాహాలకు రిజిస్టరు పుస్తకం తప్పనిసరి. కంప్యూటర్ జాబితా దానికి తోడు, దానికి బదులు కాదు. ఆ జాబితా కూడా మూడు చోట్ల ఉండాలి: కంప్యూటర్‌లో ఒకటి, విడి డిస్క్‌లో ఒకటి, సంఘం ఆవరణ బయట ఒకటి. తుఫాను నీళ్ళు ఎంత దూరం వస్తాయో తెలిసిన తీరప్రాంతంవాళ్ళకు ఆ మూడోది ఎందుకో వివరించనక్కరలేదు.

మిగిలినవాటి సంగతి

మంచి భాగాలు తీసుకున్నాక మిగిలింది తుక్కేనా? ఒక్కోసారి కాదు. కొత్త యంత్రం మొత్తంగా కొంటే, పాతదాన్ని విడగొట్టకుండా చిన్న ఎస్ఎస్‌డీ, బోర్డు మీది గుండ్రని గడియారపు బ్యాటరీ మార్చి, లినక్స్ మింట్ లాంటి ఉచిత వ్యవస్థ వేస్తే, సండే స్కూలు పిల్లలు టైపింగ్ నేర్చుకోవడానికి, చదువుకోవడానికి సరిపోతుంది. అలా ఇచ్చేముందు దాని ఎస్ఎంపీఎస్‌ను టెక్నీషియన్ చేత పరీక్ష చేయించండి. పిల్లలు ముట్టుకునే వస్తువు అది.

పాత డిస్క్‌ను ఎవరికైనా ఇచ్చేముందు తుడవాలి. అందులో సంఘస్థుల ఫోను నంబర్లు, ఆధార్ ప్రతులు, కానుకల లెక్కలు ఉంటాయి. డిలీట్ కొట్టినా, త్వరగా చేసే క్విక్ ఫార్మాట్ కొట్టినా అవి పోవు, తెలిసినవాళ్ళు మళ్ళీ బయటికి తీయగలరు. విండోస్‌లో క్విక్ అన్న గుర్తు తీసేసి పూర్తి ఫార్మాట్ చేస్తే డిస్క్ అంతటా సున్నాలు రాస్తుంది. గంటలు పడుతుంది, పట్టనివ్వండి. డిస్క్ అసలు పనిచేయకపోతే లోపలి పళ్ళేనికి డ్రిల్లుతో రంధ్రం వేయించండి.

చివరికి నిజంగా పనికిరానివి మిగులుతాయి. వాటిని చెత్తకుప్పలో వేయడం, రాగి కోసం వైర్లు కాల్చడం తప్పు. పాత లావుపాటి మానిటర్ గాజులో సీసం ఉంటుంది, కాలే వైరు పొగలో విషం ఉంటుంది. ఆ పొగ పీల్చేది ఎక్కువగా తుక్కు ఏరుకునే బీద పిల్లలు. మనదేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం వీటిని నమోదైన రీసైక్లర్లకే చేర్చాలి. ఒక్క సంఘం దగ్గర ఉన్నది కొద్దిగానే ఉంటుంది. చుట్టుపక్కల పది సంఘాలు ఒకచోట పోగుచేస్తే ఒక బండికి సరిపడా అవుతుంది, పిలిస్తే వచ్చేవాళ్ళు ఉంటారు.

కమిటీ కూర్చున్నప్పుడు ఒక కాగితం మీద పాత భాగాల పేర్లు రాసి, ప్రతిదాని పక్కన నాలుగు ప్రశ్నలు వేసుకోండి. గాడి కుదురుతుందా? కరెంటు కుదురుతుందా? మాట కుదురుతుందా? వయసెంత? నాలుగింటికీ మంచి జవాబు వస్తే ఉంచండి. ఒక్కదానికి సందేహం ఉన్నా, దాని మీద ఆధారపడేది ఏమిటో అడగండి. ఆధారపడేది ఒక కీబోర్డు అయితే ప్రయత్నించి చూడవచ్చు. ఆధారపడేది మీ సంఘపు పేర్ల జాబితా అయితే, మిగిలే ఆ కొద్ది డబ్బు కోసం ప్రయత్నించకండి. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక, కొత్తది కొనే మాట ఎత్తకముందే, ఒక యౌవనస్థుణ్ణి పిలిచి ఆ జాబితాకు ఒక ప్రతి తీయించండి.